రివర్స్ హెడ్‌స్టాక్‌కు ఏ ట్యూనింగ్ కీలు కొనాలి? కొత్త సెట్ ఉల్టా తిరుగుతోంది

కాజీపేట_కార్డ్స్:
అందరికీ నమస్తే. మాది కాజీపేట. చర్చిలోనూ, అప్పుడప్పుడు కాలేజీ ప్రోగ్రాముల్లోనూ ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. నాది కుడిచేతి వాటం, గిటార్ కూడా కుడిచేతిదే. కానీ హెడ్‌స్టాక్, అంటే మెడ చివర కీలుండే భాగం మాత్రం రివర్స్. ఆరు కీలూ ఒకే వరుసలో ఉంటాయి, వాయించేటప్పుడు పైకి కాకుండా నేల వైపు చూస్తుంటాయి. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. పాత కీల గేర్లు అరిగిపోయి పాట పూర్తయ్యేలోపే జి, బి స్ట్రింగ్‌ల శ్రుతి దిగిపోతోంది.

ఆన్‌లైన్‌లో కొత్త సెట్ తెప్పించాను. హెడ్‌స్టాక్ రివర్స్ అని ముందే మెసేజ్ పెట్టాను, ఫోటో కూడా పంపాను. సరిపోతుందనే చెప్పి పంపారు. ఒక కీ మాత్రం పెట్టి స్ట్రింగ్ చుట్టి చూశాను. ఇన్నేళ్లూ ఎటు తిప్పితే బిగిసేదో ఇప్పుడు అటు తిప్పితే వదులవుతోంది. పైగా వేళ్లతో తిప్పే బటన్ కాడ, స్ట్రింగ్ చుట్టుకునే పోస్టుకు ఆ పక్కకు వెళ్లిపోయింది, పాత స్క్రూ రంధ్రానికి కలవడం లేదు. కొత్త రంధ్రం వేసి దీన్నే వాడుకోవచ్చా, లేక వాపసు పంపాలా?

ఇంకో సంగతి. మా మామయ్య కొడుకు ఎడమచేతి వాటం. మామూలు కుడిచేతి గిటార్‌ను తిరగేసి పట్టుకుని నేర్చుకుంటున్నాడు. వాడికి కూడా కీలు మార్చాలా?

హంటర్‌రోడ్_బెంచ్:
తమ్మీ, డ్రిల్లు ముట్టుకోకు. సెట్ వాపసు పంపు.

ఒకే వరుస కీలు కొనేటప్పుడు వాయించే మనిషి చెయ్యి చూడొద్దు, హెడ్‌స్టాక్ అంచు చూడు. కుడిచేతి వరుసలో స్ట్రింగ్‌లున్న గిటార్‌ను నిలబెట్టి ఎదురుగా నిలబడి చూస్తే, లావు స్ట్రింగ్‌ల వైపు అంచున కీలుంటే బేస్ సైడ్ సెట్, సన్న స్ట్రింగ్‌ల వైపు అంచున ఉంటే ట్రెబుల్ సైడ్ సెట్. ఫెండర్ కంపెనీ మామూలు స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) గిటార్‌కు కావలసింది మొదటిది. నీ రివర్స్ హెడ్‌స్టాక్‌కు రెండోది. ఎడమచేతి వాళ్ల కోసమే చేసిన గిటార్‌కు పెట్టే సెట్ నీ గిటార్‌కు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే రెండిటిలోనూ కీలుండే అంచు ఒకటే.

కొన్ని షాపులు కుడి, ఎడమ అని హెడ్‌స్టాక్ అంచును బట్టి రాస్తాయి, కొన్ని వాయించే చేతిని బట్టి రాస్తాయి. ఒకే సెట్‌కు ఒకచోట 'లెఫ్ట్' అని, ఇంకోచోట 'రైట్' అని ఉంటుంది. అందుకే పేరు నమ్మొద్దు. వెనక నుంచి తీసిన ఫోటో అడిగి, పాత కీ పక్కన పెట్టి పోల్చుకో.

కాజీపేట_కార్డ్స్:
థాంక్స్ అన్నా. కానీ అన్ని కీలూ చూడటానికి ఒకేలా ఉన్నాయి. గుండ్రంగా అటు తిప్పి బిగిస్తే సరిపోవాలి కదా. ఉల్టా ఎందుకు తిరుగుతోందో కొంచెం వివరంగా చెప్తారా?

హంటర్‌రోడ్_బెంచ్:
మంచి ప్రశ్న. కీ లోపల రెండే ముఖ్యమైన భాగాలు. బటన్ కాడ మీద మర ఉంటుంది, దాన్ని వర్మ్ అంటారు. పోస్టు అడుగున పళ్ల చక్రం ఉంటుంది. వర్మ్ తిరిగితే చక్రం తిరుగుతుంది, చక్రాన్ని పట్టుకుని తిప్పితే మాత్రం వర్మ్ కదలదు. ఆరు స్ట్రింగ్‌లు కలిపి నలభై కిలోలకు మించి లాగుతున్నా కీలు వాటంతట అవి విప్పుకోకపోవడానికి కారణం ఇదే. 14:1, 18:1 అని రాసేది బటన్ ఎన్ని చుట్లు తిరిగితే పోస్టు ఒక చుట్టు తిరుగుతుందో ఆ లెక్క.

ఇప్పుడు నీ సంగతి. స్ట్రింగ్ నట్ (మెడ చివర స్ట్రింగ్‌లు కూర్చునే గాళ్లున్న పట్టీ) నుంచి వచ్చి పోస్టుకు లోపలి పక్కన, అంటే బటన్‌లకు దూరంగా ఉన్న పక్కన చుట్టుకోవాలి. మామూలు హెడ్‌స్టాక్‌లో అలా చుట్టాలంటే పోస్టు, ముందు నుంచి చూస్తే, గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరగాలి. రివర్స్‌లో లోపలి పక్క మారిపోయింది కనుక పోస్టు గడియారం ముల్లు దిశలో తిరగాలి. నువ్వు కీని అర్ధచక్రం తిప్పి పెట్టినప్పుడు బటన్ ఈ పక్కకు వచ్చింది గానీ లోపలి వర్మ్‌కూ చక్రానికీ ఉన్న సంబంధం మారలేదు. బటన్ ఎటు తిప్పితే పోస్టు ఎటు తిరిగేదో ఇప్పటికీ అటే. కావలసిన దిశ మారింది కాబట్టి చేతికి ఉల్టాగా తెలుస్తోంది.

రెండోది. వర్మ్ పోస్టు మధ్యలోంచి పోదు, ఒక పక్కగా పోతుంది. ఆ పక్క ఎటుండాలో ఆలోచించే చేస్తారు. ముఖ్యంగా పాతకాలపు ఓపెన్ గేర్ కీలలో స్ట్రింగ్ లాగుడుకు చక్రం వర్మ్ మీదికి నొక్కుకునేలా అమరుస్తారు. తిప్పి పెడితే అదే లాగుడు పళ్లను దూరం జరుపుతుంది, ఆట ఎక్కువవుతుంది, పళ్ల కొసలు త్వరగా అరుగుతాయి. మూసి ఉన్న డైకాస్ట్ కీలలో ఈ బాధ తక్కువ, పెట్టె గట్టిగా పట్టి ఉంచుతుంది. అయినా కాడలన్నీ పక్కకు జరిగి, స్క్రూ రంధ్రాలు కలవక, హెడ్‌స్టాక్ వెనక అనవసరంగా చిల్లులు పడతాయి.

మానేరు_మెలోడీ:
కరీంనగర్ నుంచి. నాకు తెలిసిన ఒకతను ఇలాంటి సెట్‌తోనే నడిపించాడు. స్ట్రింగ్‌ను పోస్టుకు బయటి పక్కన చుట్టాడు. అప్పుడు బటన్ సీదాగానే తిరుగుతుంది. డబ్బులు మిగులుతాయి కదా?

హంటర్‌రోడ్_బెంచ్:
తిరగడానికి తిరుగుతుంది. కానీ ఒకే వరుస హెడ్‌స్టాక్ డిజైన్‌లో ఉన్న గొప్ప గుణమే పోతుంది. 1954లో ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తెచ్చినప్పటి నుంచి ఆ హెడ్‌స్టాక్‌లో పోస్టులు ఎక్కడుండాలో లోపలి పక్క చుట్టును లెక్కలో పెట్టుకునే వేశారు. నట్ దాటాక స్ట్రింగ్ పక్కకు వంగకుండా నేరుగా పోస్టుకు చేరుతుంది. బయట చుట్టితే పోస్టు మందం అంత పక్కకు జరుగుతుంది, స్ట్రింగ్ నట్ గాడి గోడకు ఒరుసుకుంటుంది. బెండ్ చేసి, అంటే స్వరం పెంచడానికి స్ట్రింగ్‌ను పక్కకు తోసి వదిలితే పాత చోటికి రాదు. ట్రెమోలో (బ్రిడ్జిని కదిలించి స్వరం ఊపే కడ్డీ) వాడేవాళ్లకైతే మరీ కష్టం. ఒక్క రోజు ప్రోగ్రాం గట్టెక్కడానికి సరే, శాశ్వతంగా వద్దు.

గోదావరిఖని_లోఎండ్:
ఇక్కడ ఒక మాట చెప్పాలి. రివర్స్ హెడ్‌స్టాక్ పెట్టేది అందం కోసమే కాదు. లో ఈ (అన్నిటికంటే లావైన E) స్ట్రింగ్ నట్ నుంచి చాలా దూరం పోయి చుట్టుకుంటుంది కాబట్టి టెన్షన్ పెరుగుతుంది, గట్టిగా ఉంటుంది. లావు స్ట్రింగ్‌ను ఇంకా కింది స్వరానికి దించే డ్రాప్ ట్యూనింగ్‌లో వదులు అనిపించదు. కుడిచేతి గిటార్‌ను తిరగేసి వాయించిన ఎడమచేతి గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ సౌండ్‌లో అందుకే ఆ తేడా. తమ్ముడూ, నీ గిటార్ అదృష్టం.

హాస్టల్_హార్మొనిక్:
అన్నా, టెన్షన్ పెరుగుతుందన్న మాట సరి కాదు. ఎన్ఐటీలో మా రూమ్‌లో దీని మీద రాత్రంతా వాదన నడిచింది, కాబట్టి లెక్క చెప్తాను.

స్ట్రింగ్ ఏ స్వరం పలుకుతుందో తేల్చేవి మూడు: నట్ నుంచి బ్రిడ్జి దాకా ఉన్న పొడవు, స్ట్రింగ్ బరువు, టెన్షన్. పొడవు, బరువు, స్వరం ఈ మూడూ అవే అయితే టెన్షన్ కూడా అదే అయి తీరాలి. 25.5 అంగుళాల స్కేలులో (నట్ నుంచి బ్రిడ్జి దాకా పొడవు) 0.046 అంగుళాల మందం స్ట్రింగ్‌ను మామూలు లో ఈ స్వరానికి, అంటే సుమారు 82.4 హెర్ట్జ్‌కు తెస్తే లాగుడు దాదాపు 17.5 పౌండ్లు, 8 కిలోలకు కొంచెం తక్కువ. నట్ వెనక ఒక అంగుళం ఉన్నా ఆరు అంగుళాలున్నా ఆ 17.5 మారదు. డ్రాప్ ట్యూనింగ్‌కు గట్టితనం కావాలంటే లావు స్ట్రింగ్ వేయాలి, లేదా స్కేలు పొడవు పెంచాలి.

గోదావరిఖని_లోఎండ్:
లెక్క ఒప్పుకుంటాను తమ్మీ. కానీ రెండు గిటార్లూ వాయించాను, చేతికి తేడా తెలుస్తుంది. అది భ్రమ కాదు.

హాస్టల్_హార్మొనిక్:
భ్రమ అనడం లేదన్నా. తేడా ఉంది, కాకపోతే టెన్షన్‌లో కాదు, సాగుడులో. బెండ్ చేసినప్పుడు స్ట్రింగ్ నట్ మీదుగా జారి వెనకున్న ముక్క కూడా సాగుతుంది. మొత్తం పొడవు ఎక్కువైతే అదే స్వరం పెరగడానికి ఎక్కువ దూరం తోయాలి. రివర్స్‌లో హై ఈ (అన్నిటికంటే సన్నని E) స్ట్రింగ్ పోస్టు నట్‌కు దగ్గరగా వస్తుంది, కాబట్టి సన్న స్ట్రింగ్‌లు కొంచెం తోస్తేనే స్వరం ఎక్కుతాయి. లో ఈ, ఏ స్ట్రింగ్‌లు ఎక్కువ సాగుతాయి. ఆరు కీల వరుసలో మొదటి పోస్టుకూ చివరి పోస్టుకూ అయిదు అంగుళాల దాకా తేడా ఉంటుంది కాబట్టి శ్రద్ధగా వాయించేవాళ్లకు తెలుస్తుంది.

ఫ్లాయిడ్ రోజ్ లాంటి లాకింగ్ నట్ ఉంటే ఇదీ ఉండదు. నట్ దగ్గరే బిగించేస్తాం, వెనక ముక్కకు పనే లేదు. 1980లలో వచ్చిన చాలా రివర్స్ హెడ్‌స్టాక్ గిటార్లు లాకింగ్ నట్‌తోనే వచ్చాయి. వాటికి ఆ హెడ్‌స్టాక్ పూర్తిగా రూపం కోసమే.

హెండ్రిక్స్ సౌండ్ సంగతికొస్తే, గిటార్ తిరగేయడం వల్ల ఇంకోటి కూడా మారింది. స్ట్రాట్ బ్రిడ్జి పికప్ (స్ట్రింగ్ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) ఏటవాలుగా ఉంటుంది, సన్న స్ట్రింగ్‌ల కొస బ్రిడ్జికి దగ్గరగా. తిరగేస్తే ఆ కొస లావు స్ట్రింగ్‌ల కిందికి వస్తుంది. లావు స్ట్రింగ్‌ల పలుకు పదునెక్కుతుంది, సన్నవాటి పలుకు కొంచెం మెత్తబడుతుంది. 2015లో ఫెండర్ ఆయన పేరుతో తెచ్చిన స్ట్రాట్‌లో కుడిచేతి వాళ్ల కోసం హెడ్‌స్టాక్‌నూ ఆ పికప్ వాలునూ రెండిటినీ తిప్పి పెట్టింది.

గోదావరిఖని_లోఎండ్:
ఇది బాగా చెప్పావు. నా చేతికి తెలిసిందేంటో ఇప్పుడు అర్థమైంది.

ఎడమచేతి_వరంగల్:
నేను ఎడమచేతి వాటం, వరంగల్ కోట దగ్గర ఉంటాను. తమ్ముడూ, మీ మామయ్య కొడుకు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

కీలు మార్చొద్దు! కుడిచేతి గిటార్‌ను తిరగేసినా హెడ్‌స్టాక్ అదే, కీలున్న అంచు అదే, లోపలి పక్క అదే. పోస్టు ఎటు తిరగాలో అటే తిరుగుతుంది. బటన్‌లు నేల వైపు చూస్తాయి, అంతే. ఎడమచేతి పిల్లవాడికి ఎడమచేతి సెట్ కావాలని చెప్పి అంటగడతారు, అది ఆ గిటార్‌కు పనికిరాదు. ఎడమచేతి వాళ్లకు దేశంలో గిటార్ దొరకడమే కష్టం, దొరికినా రంగు, మోడల్ ఎంచుకునే వీలుండదు. అందుకే చాలామంది తిరగేసి వాయిస్తారు. అలాంటి వాళ్ల చేత అక్కర్లేని ఖర్చు పెట్టించడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

మార్చాల్సింది నట్. లావు స్ట్రింగ్ గాడిలో సన్న స్ట్రింగ్ కూర్చుంటే అటూ ఇటూ ఆడుతూ జిర్రుమంటుంది, సన్న గాడిలోకి లావుది దిగనే దిగదు. కొత్త నట్ చెక్కించాలి. బ్రిడ్జి దగ్గర ఒక్కో స్ట్రింగ్‌ను మోసే సాడిల్స్ కూడా మళ్లీ సర్దాలి, లేకపోతే పై ఫ్రెట్లలో శ్రుతి తప్పుతుంది. బెల్టు బటన్ రెండో కొమ్ముకు మార్చాలి. వాల్యూమ్ నాబ్‌లు మోచేతికి తగులుతాయి, దానికి అలవాటు పడాల్సిందే.

ఎడమచేతి బ్లూస్ గిటారిస్ట్ ఆల్బర్ట్ కింగ్ ఇవేమీ చేయలేదు. కుడిచేతి వరుసను అలాగే ఉంచి, సన్న స్ట్రింగ్ పైకి వచ్చేలా పట్టుకుని వాయించారు. బెండ్‌లను పైకి తోయకుండా కిందికి లాగేవారు. పిల్లవాడు ఇప్పుడే మొదలుపెట్టాడు కాబట్టి ఏ దారో ముందే తేల్చుకోమనండి. ఆల్బర్ట్ కింగ్ దారిలో వెళ్తే ఎక్కడ ఏ కుడిచేతి గిటార్ దొరికినా అందుకుని వాయించవచ్చు. కాకపోతే కార్డ్ పుస్తకాల్లో చేతి కదలికలు ఏవీ నేరుగా వర్తించవు, నేర్పే గురువు ఓపిక గలవారై ఉండాలి.

హంటర్‌రోడ్_బెంచ్:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. దానికి ఒకటే కలుపుతాను. కొన్ని సెట్‌లలో పోస్టుల ఎత్తు సమానంగా ఉండదు. నట్‌కు దూరంగా ఉన్న కీల పోస్టులు పొట్టిగా ఉంటాయి, స్ట్రింగ్ నట్ మీద కిందికి నొక్కుకుని కూర్చోవడానికి. వాటిని స్టాగర్డ్ అంటారు. పొట్టి పోస్టు సన్న స్ట్రింగ్‌దని చాలామంది అనుకుంటారు. పొట్టి పోస్టు దూరానిది. రివర్స్ హెడ్‌స్టాక్‌లో దూరంగా ఉండేవి లో ఈ, ఏ కాబట్టి పొట్టివి వాటికే పెట్టాలి.

స్ట్రింగ్ ట్రీ కూడా అంతే. మామూలు స్ట్రాట్‌లో బి, హై ఈ స్ట్రింగ్‌లను కిందికి పట్టి ఉంచే చిన్న కొక్కెం. గిటార్ తిరగేసి స్ట్రింగ్‌లు మార్చితే దాని కిందికి లో ఈ, ఏ వస్తాయి. లావు చుట్టు స్ట్రింగ్ ఆ సన్న కొక్కెం కింద ఇరుకుగా ఉండి పట్టేస్తే, కొక్కెం కొంచెం పైకి లేపాలి, లేదా రోలర్ ఉన్నది పెట్టుకోవాలి.

మానేరు_మెలోడీ:
కొత్త సెట్ కొనేముందు రంధ్రం సైజు కూడా కొలవమని చెప్పండన్నా. నేను వెర్నియర్ పెట్టి చూశాకే ఆర్డర్ పెట్టాను. ఇప్పటి మూసిన కీలకు మామూలుగా 10 మిల్లీమీటర్ల రంధ్రం, పాతకాలపు క్లూసన్ కంపెనీ తరహా కీలకు అంతకంటే చిన్నది. చిన్న రంధ్రాన్ని పెద్దది చేయడం రీమర్‌తో నెమ్మదిగా చేసే పని. డ్రిల్లుతో చేస్తే పెయింట్ పెచ్చు లేస్తుంది.

పాత స్క్రూ రంధ్రాలు పూడ్చాలంటే గట్టి చెక్క పుల్ల కావాలి. మావైపు నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్క సులువుగా దొరుకుతుంది గానీ అది చాలా మెత్తన, బొమ్మకు బాగుంటుంది, స్క్రూ మాత్రం నిలవదు. మేపుల్ ముక్క దొరక్కపోతే టేకు పుల్ల జిగురుతో కొట్టి, ఆరాక కొత్త రంధ్రం వేయండి.

తంతి_శ్రోత:
నేను వాయించను, వింటాను, పాత గిటార్ల గురించి చదువుతాను. ఈ కుడి ఎడమల చిక్కే లేని కీలు కూడా ఉన్నాయి. 1963లో గిబ్సన్ తెచ్చిన ఫైర్‌బర్డ్ గిటార్‌ను కార్లకు రూపమిచ్చిన రే డీట్రిచ్ గీశారు. దాని హెడ్‌స్టాక్ రివర్స్, కానీ కీలు బాంజో తరహావి. బటన్ పక్కకు రాకుండా పోస్టుకు సూటిగా వెనక ఉంటుంది, ముందు నుంచి చూస్తే కీలే కనిపించవు. వర్మ్ లేదు కనుక ఏ పక్క అన్న ప్రశ్నే లేదు. గేర్ నిష్పత్తి మాత్రం చాలా తక్కువ, సుమారు 4:1. కొంచెం తిప్పినా స్వరం గబుక్కున మారుతుంది, సన్నగా శ్రుతి చేయడానికి చెయ్యి కుదురుగా ఉండాలి.

గోదావరిఖని_లోఎండ్:
బేస్ గిటార్‌లో ఇంకో చిక్కుంది, బేస్ వాళ్లెవరైనా చదువుతుంటే ఉపయోగపడుతుంది. 1950ల ఫెండర్ బేస్‌ల క్లూసన్ కీలు డిజైన్‌లోనే ఉల్టా తిరిగేవి. ఆ తరహా కీలు ఇప్పటికీ 'రివర్స్ గేర్' పేరుతో అమ్ముతారు. రివర్స్ హెడ్‌స్టాక్ కోసం అనుకుని వాటిని కొనొద్దు, అది వేరే సంగతి. ఇక రివర్స్ హెడ్‌స్టాక్ బేస్‌లో అన్నిటికంటే లావైన E స్ట్రింగ్ దూరంగా ఉన్న పోస్టుకు చేరాలి. చివర సిల్కు దారం చుట్టిన భాగం నట్ మీద కూర్చోకూడదు. స్ట్రింగ్ ప్యాకెట్ మీద పొడవు చూసి కొనండి.

కాజీపేట_కార్డ్స్:
అప్‌డేట్ ఇస్తున్నాను. షాపు వాళ్లకు ఈ చర్చలోని వివరం పంపాను. మార్చి ఇవ్వడానికి ఒప్పుకుని ట్రెబుల్ సైడ్ సెట్ పంపారు. వెనక నుంచి ఫోటో అడిగి, పాత కీతో పోల్చుకున్నాకే పార్సిల్ చేయించాను. రంధ్రాలన్నీ కలిశాయి, ఒక్క కొత్త చిల్లు కూడా వేయలేదు. చేతికి అలవాటైన దిశలోనే తిరుగుతున్నాయి. ఆదివారం ఆరాధన మొత్తం బి స్ట్రింగ్ దిగలేదు. మీ అందరికీ చాలా చాలా థాంక్స్.

జి మాత్రం తిప్పేటప్పుడు 'టిక్' మని శబ్దం చేసి, ఒక్కసారిగా స్వరం ఎగురుతోంది. కొత్త కీ కూడా పాడా?

హంటర్‌రోడ్_బెంచ్:
కీ బాగానే ఉంది. అది నట్‌లో స్ట్రింగ్ ఇరుక్కున్న శబ్దం. బటన్ తిప్పినంతసేపు గాడి పట్టి ఉంచి, ఒక్కసారిగా వదులుతోంది. పాత కీలు అరిగాయి నిజమే గానీ జి దిగిపోవడంలో ఈ గాడి వాటా కూడా ఉండి ఉంటుంది. ముందు పెన్సిల్ ములుకు పొడి గాడిలో రాసి చూడు. తగ్గకపోతే ఆ స్ట్రింగ్ మందానికి తగిన ఫైలుతో గాడిని కొద్దిగా వెడల్పు చేయాలి, లోతు మాత్రం పెంచకూడదు. శ్రుతి చేసేటప్పుడు ఎప్పుడూ కింది నుంచి పైకి రా. స్వరం దాటిపోతే బాగా దించి మళ్లీ ఎక్కించు, అప్పుడు గేరు పళ్ల మధ్య వదులు మిగలదు.

కాజీపేట_కార్డ్స్:
పెన్సిల్ పొడితో సగం తగ్గింది అన్నా. తమ్ముడి గిటార్‌కు నట్ కూడా చెక్కించాలి, రెండూ కలిపి తెస్తాను. అక్క చెప్పిన రెండు దారులూ వాడికి చెప్పాను. స్ట్రింగ్‌లు తిప్పి వేసుకునే దారే కావాలన్నాడు.

హంటర్‌రోడ్_బెంచ్:
తీసుకురా. వచ్చేముందు ఏ గేజ్, అంటే ఎంత మందం స్ట్రింగ్‌లు వాడతాడో తేల్చుకోమను. గాళ్లు ఆ మందానికే కోస్తాను. నేర్చుకునేవాడు కాబట్టి 9-42 తో (సన్నది 0.009, లావుది 0.042 అంగుళాలు) మొదలుపెడితే వేళ్లకు సుఖం. తర్వాత 10-46 కు వెళ్తే గాళ్లు కొంచెం వెడల్పు చేస్తే చాలు. లావు గేజ్‌కు ముందే కోసేస్తే తిరిగి సన్నానికి రాలేం.

ఎడమచేతి_వరంగల్:
పాత నట్ పారేయకుండా దాచమనండి. రేపు గిటార్ అమ్మాలనుకుంటే కొనేవాళ్లలో కుడిచేతి వాళ్లే ఎక్కువ.